తమలపాకు అడుగు రంగు

జనగామలో హైదరాబాద్ రోడ్డు పక్కన లారీలకు రంగులు వేసే రేకుల షెడ్డు ఒకటి ఉండేది. అది ఎల్లస్వామిది. తలుపు మీద నెమలి కావాలన్నా, వెనక పలక మీద కమలం కావాలన్నా చుట్టుపక్కల డ్రైవర్లు ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. చెయ్యి మంచిది, మాట పొదుపు, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. అయితే ఊళ్లో ఆయనకు పేరు తెచ్చింది లారీలు కాదు, షెడ్డు వెనక గదిలో గోడకు వేలాడే గిటార్లు. అవి మామూలు గిటార్లు కూడా కావు. నాలుగు లావుపాటి తీగలతో, కరెంటు పెట్టెకు తగిలిస్తే తప్ప నోరు విప్పని బేస్ గిటార్లు. పాటలో అందరికంటే అడుగున ఉండి గుమ్ముగుమ్ముమని నడిపించేది అదే. మోగుతున్నంతసేపు దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆగిందా, పాట నడుము విరుగుతుంది.

తమాషా ఏమిటంటే ఎల్లస్వామికి వాయించడం రాదు. తీగ మీటితే అది ఏ స్వరమో కూడా చెప్పలేడు. ఆయన పిచ్చంతా వాటి ఒంటి మీది రంగులది. ఆయన భార్య ఐలమ్మ ఇరుగుపొరుగుతో నవ్వుతూ అనేది, "వాయించనీకె రాదు, ఒకరికి ఇయ్యనీకె మనసొప్పదు. గోడకు ఏలాడదీసి సూసుకుంట కూసుంటడు. గివి గిటార్లా, మా ఆయన సుట్టాలా?" ఆమె నవ్వులో సగం నిజంగానే కోపం.

ఆ పిచ్చి ఆయనకు 1969లో పట్టింది. ప్రత్యేక తెలంగాణ కావాలని పిల్లలు బడులు విడిచి రోడ్ల మీదికొచ్చిన ఏడు అది. ఒకరోజు విద్యార్థులు పట్టాల మీద కూర్చుంటే జనగామ స్టేషన్లో రైలు నిలిచిపోయింది. మండుటెండ. అప్పటికి ఎల్లస్వామి ఇంకొక మేస్త్రి కింద పని నేర్చుకుంటున్న పడుచువాడు. బిందెతో నీళ్లు పట్టుకుని నలుగురితో పాటు తానూ బోగీ బోగీకి తిరిగాడు. ఒక బోగీలో రైల్వే ఉద్యోగుల కుటుంబానికి చెందిన ఆంగ్లో ఇండియన్ కుర్రాడు పెట్టె తెరిచి, వేడికి ఏమైందోనని తన బేస్ గిటార్‌ను మెత్తటి గుడ్డతో తుడుచుకుంటున్నాడు. దాని రంగు చూసి ఎల్లస్వామి నీళ్లు పోయడం మరిచిపోయాడు. పచ్చ అందామంటే పచ్చ కాదు, తెలుపు అందామంటే తెలుపు కాదు. తమలపాకును బోర్లిస్తే కనబడే లేత రంగు, దాని మీద సన్నటి తళుకు.

"ఇదేం రంగు సార్?" అని అడిగాడు.

"మోటారు కారు పెయింట్," అన్నాడా కుర్రాడు వచ్చీరాని తెలుగులో. ప్రత్యేకంగా అడిగినవాళ్లకే అలాంటి రంగులు వేస్తారట. అందుకే ఒకటి చూస్తే రెండోది కనబడదట. ఇంతలో రైలు కదిలింది. ఖాళీ బిందెతో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ఎల్లస్వామికి ఒకటే ఆలోచన. కారు రంగే అయితే అది తన పనే కదా.

అక్కడి నుంచి మొదలైంది. కాజీపేట, డోర్నకల్ రైల్వే క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఒక్కొక్కటే ఇల్లు ఎత్తేసి ఆస్ట్రేలియా పోతున్న రోజులవి. పోతూ పోతూ పాత సామాను వదిలేసేవారు. ఎల్లస్వామి సెలవు దొరికితే చాలు, రైలెక్కి ఆ క్వార్టర్ల చుట్టూ తిరిగేవాడు. చెదలు తిన్నవి, మెడ విరిగినవి, తలుపులకు వేసే రంగు పూసినవి ఏవి దొరికినా ఎత్తుకొచ్చేవాడు. పై రంగును బ్లేడు అంచుతో పొర వెంట పొర గీకేవాడు. తొందర పడితే అడుగున ఉన్న అసలు రంగు కూడా లేచొస్తుంది. అందుకని అరచేయంత మేర తేల్చడానికి ఒక పూట పట్టినా విసుక్కునేవాడు కాదు. అసలు రంగు రాలిపోయిన చోట లప్పం పట్టించి, గరుకు కాగితంతో నున్నగా చేసి, చుక్క చుక్క కలిపి అదే రంగు తెచ్చి అతికేవాడు. పాత రంగెక్కడ ఆగిందో, తన రంగెక్కడ మొదలైందో ఎండలో పెట్టి చూసినా తెలిసేది కాదు. లోపలి వైర్ల పని మాత్రం ఆయనకు రాదు. దానికి రేడియో రిపేర్ల వెంకట్రాం ఉన్నాడు. అట్లా గోడ మీదికి ఎర్రనిది చేరింది, తేనె రంగు నుంచి నలుపులోకి కరిగిపోయేది చేరింది, పాలమీగడ రంగుది చేరింది. తమలపాకు రంగుది మాత్రం దొరకలేదు. దాని కోసం ఒక మేకు కొట్టి ఖాళీగా ఉంచాడు కూడా.

1974 ఎండాకాలంలో గోవర్ధన్ వచ్చాడు. గార్ల దగ్గరి పిల్లగాడు, కొద్దిపాటి వ్యవసాయం ఉన్న ఇల్లు. డోర్నకల్ రైల్వే క్లబ్బులో మైకులు కట్టే పనికి పోయి, అక్కడ ముసలి ఇంజను డ్రైవరు దగ్గర బేస్ వాయించడం నేర్చాడు. ఆ ముసలాయన దేశం విడిచి పోతూ తన గిటార్ వీడికే ఇచ్చి పోయాడు. మానుకోట చుట్టుపక్కల పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా ఉందంటే గోవర్ధన్ ఉన్నట్టే. చంకలో గోనెసంచిలో చుట్టిన గిటార్ తెచ్చి ఎల్లస్వామి ముందు పెట్టాడు. పైన అంతా నల్ల రంగు, అక్కడక్కడా పెచ్చులు లేచి ఉంది.

"అన్న, మొన్నటి సంది దీని గొంతు పోయింది. ఉత్తగ గుర్రు గుర్రుమంటంది. ఆదివారం సికింద్రాబాద్‌ల పెద్ద ఆర్కెస్ట్రావాళ్లు పిలిసిన్రు. వాయించి సూపెట్టాలె. నచ్చితే పెట్టుకుంటరు. జర సూడు."

"ఊరూరు తిరుగుడు ఎందుకు తమ్మీ? ఎవుసం ఉన్నదంటివి గదా."

"ఉన్నది గని అన్న, గిదే నా పాణం. పట్నంల నేను నోరు తెరిస్తె నవ్వుతరు. సీన్మాల నౌకరిగాని లెక్క మాట్లాడుతున్నవంటరు. గిది వాయిస్తున్నంతసేపు మాత్రం ఒక్కడు నవ్వడు."

ఎల్లస్వామికి ఆ మాట నచ్చింది. కుర్రాడూ నచ్చాడు. పక్కకు కూర్చోబెట్టి, గిటార్‌ను బల్ల మీద పెట్టి రేకు విప్పాడు. వైరు తగిలించే చోట సీసం టాకా ఊడి లోపలి తీగ ఒకటి వేలాడుతోంది. అంతే. వెంకట్రాంకు అది పనే కాదు. చూసి నవ్వుకుని, ఎప్పటి అలవాటు ప్రకారం చెక్క పగిలిందేమోనని మెడ మరలు కూడా విప్పాడు. మెడ కిందికి చొచ్చుకుపోయే ఆ గాడిలో పై రంగు పడలేదు. అక్కడ నలుపు లేదు. ఎండా వానా చూడని చోట ఆ లేత తమలపాకు రంగు తళుక్కుమంది.

ఎల్లస్వామి గోవర్ధన్ వైపు వీపు తిప్పి, మెడను మళ్లీ గాడిలో పెట్టాడు. ఏమనాలో ఆలోచించుకున్నాడని కూడా చెప్పలేం. నోరే మాట్లాడింది.

"తమ్మీ, దీని పాణం పోయింది."

"ఏందన్న?"

"లోపట తీగ సుట్టు మొత్తం కాలింది. మెడ గూడ మెలి తిరిగింది. గిది ఎవ్వలు జేసినా రాదు."

గోవర్ధన్ తలెత్తి గోడ వైపు చూశాడు. అక్కడ వరుసగా వేలాడుతున్నాయి, నిగనిగలాడుతూ.

"గవాట్ల ఒకటి ఆదివారం మటుకు ఇయ్యరాదె అన్న? సోమారం పొద్దుగాల తెచ్చి నీ చేతుల పెడుత."

ఇవ్వొచ్చు. ఇచ్చి ఉంటే చేసిన తప్పుకు కొంత విరుగుడైనా అయ్యేది. కానీ కుర్రాడు సోమవారం మళ్లీ వస్తే తన గిటార్ సంగతి అడుగుతాడు. తిరిగి తీసుకుపోతానంటాడు. అబద్ధం ఒకటి ఆడినవాడికి రెండోది నోటి చివరే ఉంటుంది కాబోలు.

"గవి మోగయి తమ్మీ. ఉత్త బొమ్మలు. రంగు కోసం పెట్టుకున్న."

గోవర్ధన్ తల ఊపాడు. గోనెసంచి ఒక్కటే చుట్టి చంకన పెట్టుకున్నాడు. "దీన్ని మోసుకుంట ఇంటికి పోతె ఏడుపొస్తదన్న. నువ్వే ఉంచుకో. పొయ్యిల పెట్టినా సరే," అన్నాడు. చూసినందుకు మజూరీ ఎంతని జేబులో చెయ్యి పెడితే ఎల్లస్వామి వద్దన్నాడు. గోవర్ధన్ రెండు చేతులూ జోడించాడు. "ఇంకొకడైతే చేస్త చేస్తనని తిప్పుకుంటుండె. నువ్వు ఉన్నదున్నట్టు జెప్పినవు."

షెడ్డు గేటు దగ్గర నిలబడితే బస్సు ఆగే చోటు కనబడుతుంది. ఒక్క కేక వేస్తే వినబడే దూరం. ఎల్లస్వామి చేతిలో గుడ్డ నలుపుతూ అక్కడే నిలబడ్డాడు. బస్సు వచ్చింది, కుర్రాడు ఎక్కాడు, బస్సు పోయింది. ఐలమ్మ లోపలి నుంచి వచ్చి, "గా పిలగాడు ఎందుకట్ల మొఖం ఏలాడేసుకుని పోయిండు?" అంటే, "గిటార్ కరాబైంది," అని ఊరుకున్నాడు.

వెంకట్రాంకు ఇచ్చినప్పుడు అతను నవ్వాడు. "గింత పనికి వదిలేసి పోయిండా? ఎవడు వాడు?"

"గార్ల పోరడు. నేను గూడ సచ్చిందనే అనుకున్న," అన్నాడు ఎల్లస్వామి. అప్పటికి ఎన్నో అబద్ధమో ఆయనే లెక్క మరిచాడు.

ఆ గిటార్ మీద పడినంత శ్రమ ఆయన ఇంకే దాని మీదా పడలేదు. నలుపు కింద మెరూన్, దాని కింద అసలుది. మోచెయ్యి ఆనే చోట మాత్రం అరిగి చెక్క తేలింది. అక్కడికి రంగు కలపడానికే నెల తిప్పలు పడ్డాడు. చివరికి ఖాళీ మేకుకు తగిలించిన రోజు ఎదురుగా కూర్చుని చూశాడు. ఇన్నేళ్లు కలవరించిన రంగు. సంతోషం రావాలి కదా, రాలేదు. ఆ రంగు చూసినప్పుడల్లా ఉత్త గోనెసంచి చంకన పెట్టుకుపోయిన మనిషే కళ్లలో మెదిలాడు. దాని మీద ఒక గుడ్డ కప్పాడు. గుడ్డ కప్పితే ఐలమ్మ ఎందుకని అడిగింది. మళ్లీ తీసేశాడు.

ఇచ్చేద్దామని ఒకసారి గార్ల దాకా పోయాడు కూడా. గిటార్ తీసుకుపోలేదు, ముందు మనిషిని చూసి మాట కలుపుదామనుకున్నాడు. స్టేషన్ బయట చాయ్ దుకాణంలో అడిగితే, "గోవర్ధనా? వాద్యం మానిండు గదా. లారీ మీద క్లీనర్‌గ పోతుండు, ఊళ్లె ఉండుడే తక్వ," అన్నారు. మనిషి లేడని వినగానే ఎల్లస్వామికి ముందు కలిగింది బాధ కాదు, హాయి. హమ్మయ్య, ఇవాళ చెప్పక్కర్లేదు. తిరుగు రైల్లో కూర్చున్నాక ఆ హాయి గుర్తొచ్చి తన మీద తనకే రోత పుట్టింది. మళ్లీ గార్ల వైపు పోలేదు.

ఏళ్లు గడిచాయి. 1985లో ఒకనాడు ములుగు ఘనపూర్ ఆసామి లారీ ఒకటి రంగులకు వచ్చింది. మహదేవపూర్ అడవి నుంచి వెదురు మోసీ మోసీ ఒళ్లంతా గీరుకుపోయిన బండి. అందులోంచి దిగిన డ్రైవరు ఒడ్డూ పొడుగూ ఉన్నాడు, మీసాలు గుబురుగా ఉన్నాయి.

"అన్నా, గుర్తువట్టినవా? నేను గోవర్ధన్‌ను. గార్ల."

ఎల్లస్వామి చేతిలోని కుంచెను డబ్బాలో పెట్టాడు. "పట్టిన తమ్మీ," అన్నాడు.

బండికి రంగులు వేసినన్నాళ్లు డ్రైవరు షెడ్డులోనే ఉండడం అక్కడి రివాజు. బండిని వదిలి పోడు, ఐలమ్మ వండింది తింటాడు, వెనక గదిలో మంచం వేసుకుంటాడు. గోవర్ధన్ మంచం సరిగ్గా ఆ గిటార్ కింద పడింది. మొదటిరోజే తలెత్తి చూసి మెచ్చుకున్నాడు. "గిదేం రంగన్నా, తమలపాకు బోర్లిచ్చినట్టున్నది. యాడిది?"

"కాజీపేటది," అన్నాడు ఎల్లస్వామి.

గుర్తుపట్టే వీలు ఎక్కడిది! అతను వదిలేసింది నల్లది, పెచ్చులూడినది. అతను కబుర్లు చెబుతుంటే ఎల్లస్వామి లారీ తలుపుకేసి చూస్తూ వినేవాడు. ఆ ఆదివారం తాను సికింద్రాబాద్ పోలేదని, వాళ్లు మళ్లీ కబురు పెట్టలేదని, అరువు గిటార్ కోసం కొన్నాళ్లు తిరిగి విసిగి లారీ ఎక్కానని, ఇద్దరు ఆడపిల్లలని, బతుకు బాగానే ఉందని చెప్పాడు. తర్వాత ఒక మాట అన్నాడు. "దాబా కాడ డ్రైవర్లందరికి నీ ముచ్చటే చెప్తనన్నా. జనగామల ఒకాయన ఉన్నడు, పాణం పోయినదాన్ని పోయిందనే చెప్తడు, మజూరీ గూడ ముట్టడు అని. గీ బండిని గూడ అందుకే నీ కాడికి తెచ్చిన."

ఆ మాట కంటే చెంప మీద కొట్టినా బాగుండేది. ఎల్లస్వామి ఆ పూట కంచం ముందు నుంచి సగంలోనే లేచాడు. ఐలమ్మ ఆయన ముఖం చూసింది, గోడ మీది గిటార్ చూసింది, కుర్రవాడిగా వచ్చిపోయినవాణ్ని గుర్తు చేసుకుంది. గిన్నెలు తోముతూనే అంది, "గది వీనిదే గదా. ఇచ్చెయ్యి."

"ఏమని ఇయ్యాలె?"

"తీసుకున్నప్పుడు ఎట్ల తీస్కున్నవో గట్లనే చెప్పి ఇయ్యి."

చెబుదామనే ఉంది. పని అయిపోయాక చెబుదామనుకున్నాడు. పని అయిపోతే చెప్పాలి కాబట్టి పని కానివ్వలేదు. ఒక నెమలి చాలన్న చోట రెండు వేశాడు. చుట్టూ లతలు అల్లాడు, లతలకు మొగ్గలు పెట్టాడు. వెదురు మోసే ఆ బండి మీద పడినన్ని పూలు ఏ పెళ్లి పందిరి మీదా పడి ఉండవు. గోవర్ధన్ మురిసిపోయి, "నా మీద ఎంత పావురం, ఎంత ప్రేమన్నా నీకు," అన్నాడు. చివరికి ఖాళీ అన్నదే మిగల్లేదు. ఇక వార్నిష్ కొట్టక తప్పలేదు. అది పొద్దున కొడితే సాయంత్రం దాకా ఆరాలి. అప్పటిదాకా బండి కదలదు.

ఆ రోజే లారీకి టేపు రికార్డరు బిగించడానికి వెంకట్రాం వచ్చాడు. గోవర్ధన్ ఊసుపోక ఆ గిటార్‌ను దించి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. వెంకట్రాం ఉత్సాహంగా దాన్ని మూలనున్న కరెంటు పెట్టెకు తగిలించాడు. స్టీరింగు పట్టి పట్టి మొద్దుబారిన వేళ్లు మొదట తడబడ్డాయి. కాసేపటికి దారి దొరికింది. గుమ్ముమని షెడ్డు రేకులు అదిరాయి. రోడ్డు మీద పోయే ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. గోవర్ధన్ ముఖంలో మీసాల వెనక ఎప్పటి కుర్రాడో కనబడ్డాడు. ఎల్లస్వామి ఆ ముఖం చూడలేక తల తిప్పుకున్నాడు.

"మంచిగున్నది గదా గొంతు!" అన్నాడు వెంకట్రాం. "దీన్ని సూస్తే నాకిప్పటికి నవ్వొస్తది. ఎవడో గార్ల పోరడు సచ్చిందని వదిలేసి పోయిండట. నేను ఇప్పి సూస్తె ఒక్క తీగ ఊడున్నది. చాయ్ సల్లారేలోపట టాకా ఏసిచ్చిన. స్వామన్న గూడ సచ్చిందనే అనుకున్నడు పాపం."

గోవర్ధన్ వేళ్లు ఆగాయి. గిటార్ వైపు చూశాడు. మెడ మీద చెయ్యి పైనుంచి కింది దాకా జరిపాడు. తర్వాత ఎల్లస్వామి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అడగబోయే మాటకు భయం ఉంది.

"నీకు గూడ తెల్వదు గదన్నా అప్పుడు? ఎనక తెలిసింది గదా?"

తప్పించుకునే దారి అతనే చూపించాడు. తల ఊపితే చాలు. వెంకట్రాం సాక్ష్యం కూడా ఉంది. గిటార్ ఇచ్చేయొచ్చు, మంచివాడన్న పేరూ నిలుస్తుంది, ఇద్దరూ ఇంత చాయ్ తాగి విడిపోవచ్చు. ఎల్లస్వామి తల ఊపబోయాడు కూడా. తలుపు దగ్గర నిలబడ్డ ఐలమ్మ తన వైపే చూస్తోంది.

"తెలుసు," అన్నాడు. "ఆనాడే తెలుసు. దీని రంగు కోసం చెప్పిన గట్ల."

గోవర్ధన్ గోడ వైపు చూశాడు.

"గవి గూడ మోగుతుండెనా?"

"మోగుతుండె."

గోవర్ధన్ గిటార్‌ను మంచం మీద పెట్టి లేచాడు. కొడతాడనుకున్నాడు ఎల్లస్వామి. కొట్టాలనే కోరుకున్నాడు. అతను బయటికి పోయి, లారీ తలుపు మీద వేలు ఆనించి చూసుకున్నాడు. తడి ఉంది. పోవడానికి లేదు. లారీ నీడలో నేల మీద కూర్చున్నాడు. ఐలమ్మ అన్నం తెస్తే వద్దన్నాడు, నీళ్లు తెస్తే తాగాడు. ఎల్లస్వామి షెడ్డులో పని లేకుండా, పక్కకు పోకుండా అక్కడే కూర్చున్నాడు. రెండుసార్లు "తమ్మీ" అని పిలవబోయి మానేశాడు. పొద్దు వాలేదాకా వాళ్ల మధ్య ఆరుతున్న లారీ ఒక్కటే ఉంది.

గోవర్ధన్ ఇంజను స్టార్ట్ చేశాక ఎల్లస్వామి గిటార్‌ను ఐలమ్మ చీరలో చుట్టి తెచ్చి, క్యాబిన్లోకి అందించాడు. అతను వద్దనలేదు. అందుకుని పక్క సీటు మీద పెట్టాడు. దాని వైపు చూస్తూనే అన్నాడు.

"గది సచ్చిందనుకుని గిన్నేండ్లు బతికిన అన్నా. ఎవ్వరి మీద కోపం లేకుండె. నా రాత గంతే అనుకున్న, నిమ్మలంగ ఉన్న. ఇయ్యాల గది సావలేదని చెప్పి చేతిల పెడితివి. ఇగ దీన్ని నేనేం చెయ్యాలె?"

గోవర్ధన్ ఆగాడు. నిజంగానే జవాబు కావాలన్నట్టు, కిటికీలోంచి ఆయన ముఖంలోకి చూస్తూ ఆగాడు. తర్వాత గేరు వేసి బండిని రోడ్డు మీదికి తిప్పాడు.